ఎండాకాలంలో రాలే తుప్పు

అరకులో ఏ బండి చెడినా మొదటి ముద్దాయి వానే. చైను తెగితే వాన, బ్రేకు పట్టేస్తే వాన, ఆటో అడుగురేకు చిల్లులు పడితే ఇంకెవరు, వానే. జూన్‌లో పట్టిన ముసురు దసరాకి గానీ తెరిపివ్వని చోట, ఆ తర్వాత సంక్రాంతి దాటేదాకా పొద్దుటి మంచు సీట్ల మీద నీళ్లై నిలిచే చోట, ఇనుముకి తడి తగలకుండా నెల గడవడం కష్టమే. అందుకని వాన మీద కేసు పెట్టడానికి సాక్ష్యాలు కావలసినన్ని. పైగా వాన కోర్టుకొచ్చి ఎదురు చెప్పదు.

ఈ అధ్యాయంలో నేను వాన తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. దాని తప్పేమీ లేదని వాదించను. దాని తప్పెంత, మన బోల్టుల తప్పెంత అన్నది విడదీయాలి, అదే నా గొడవ. ఈ విడదీయడం చేతనైనవాడికి బండి బాగుంటుంది, బండితో సంబంధం లేని కొన్ని చిక్కులు కూడా తేలికపడతాయి. చేతకానివాడు ఏటేటా రంగు వేయించుకుంటూ ఉంటాడు.

మూడు చక్రాల మోటార్‌సైకిల్‌ని తీసుకుందాం. విదేశాల్లో అది షోకు బండి. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, చైను బదులు పళ్ల బెల్టు, ఆ బెల్టుని లాగడానికి గేర్‌బాక్సు షాఫ్టు మీద ఒక పుల్లీ. మన్యంలో అది ప్రాణావసరం. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాంతాల్లోకి ఫీడర్ అంబులెన్సులని దించింది. మామూలు మోటార్‌సైకిలే, దానికి మూడో చక్రం మీద రోగిని పడుకోబెట్టే తొట్టె జోడించారు. 2005లో మొదలైన 108 పెద్ద వ్యాను మంచి రోడ్డు ఉన్నంతవరకే రాగలదు. కొండ మీది ఊరికీ ఆ రోడ్డుకీ మధ్యనున్న మైళ్ల కోసం ఈ చిన్న బండి. అంతకు ముందు ఆ మైళ్లని డోలీ దాటించేది. కొన్ని ఊళ్లకి ఇప్పటికీ డోలీయే గతి.

ఇద్దరు మనుషుల్ని మొయ్యడానికి తయారైన బండి ఇక్కడ తొట్టెని, అందులో మనిషిని, ఒక్కోసారి తోడొచ్చినవాళ్లని కూడా లాగాలి. అదీ సమతలం మీద కాదు. అరకు పట్టణమే సముద్రమట్టానికి 900 మీటర్లకి పైన ఉంటుంది. శిమిలిగుడ రైల్వేస్టేషన్ 996 మీటర్లు. అనంతగిరి ఘాటులో గానీ, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు లోపలి దారుల్లో గానీ, ఒక ఎక్కు, ఒక దిగుడు, మధ్యలో ఒక వాగు, ఇక్కడి మాటలో గెడ్డ. ఎక్కేటప్పుడు ఇంజను చక్రాన్ని లాగుతుంది. దిగేటప్పుడు రెండో గేరులో వదిలితే చక్రమే ఇంజన్ని లాగుతుంది. అంటే చైనులోనూ, దాన్ని తిప్పే ముందు స్ప్రాకెట్‌లోనూ బలం ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఈ అటూ ఇటూ అన్న మాట గుర్తుంచుకోండి, తుప్పు కథ దీనిలోనే ఉంది.

ఇనుముకి పట్టే తుప్పు ఒకటి కాదు. మనకి బాగా తెలిసినది తడి తుప్పు. నీరూ గాలీ కలిసి చేసే పని. నారింజ, పసుపు కలిసిన రంగులో ఉంటుంది, పొరలుగా లేస్తుంది, గోకితే కింద గుంటలు కనిపిస్తాయి. బయట వర్షం పడే ప్రతిచోటా, అంటే రేకు మీదా, సైలెన్సరు మీదా, స్టాండు మీదా, తేడా లేకుండా పడుతుంది. రెండోది రాపిడి తుప్పు. రెండు లోహపు భాగాలు ఒకదానికొకటి బిగించి ఉండాలి, కానీ పూర్తిగా బిగిసి ఉండవు. బండి అదిరినప్పుడల్లా వాటి మధ్య వెంట్రుక మందంలో పదో వంతు కదలిక. కంటికి కనపడదు, చేతికి తెలియదు. ఆ కదలిక ఇనుము మీద సహజంగా ఉండే పల్చటి పొరని గీకేస్తుంది. బయటపడ్డ కొత్త ఇనుము గాలి తగలగానే ఆక్సైడ్ అవుతుంది, మరుసటి అదురుకి అదీ రాలిపోతుంది. ఇలా లక్షలసార్లు జరిగితే అతుకు అంచు నుంచి ముదురు ఎరుపులో, వేళ్ల మధ్య నలిపితే కుంకంలా మెత్తగా ఉండే పొడి బయటికొస్తుంది. షాఫ్టు మీద నిలువు పళ్లు ఉంటాయి, మెకానిక్కులు స్ప్లైన్లంటారు. పుల్లీ అయినా స్ప్రాకెట్ అయినా ఆ పళ్ల మీదే కూర్చుంటుంది. ఈ పొడి ఎక్కువగా రాలేది అక్కడే.

ఆ ఎర్రపొడి ఏమిటో చూడాలంటే అరకు స్టేషన్‌లో కాసేపు నిలబడితే చాలు. కొత్తవలస–కిరండూల్ లైను మీద బైలదిల్లా నుంచి విశాఖకి దిగే గూడ్సుల్లో ఉండేది హెమటైట్, ఇనుప ఆక్సైడ్. రాపిడి తుప్పులో ప్రధానంగా ఉండేదీ అదే. కొలిమిలో అంత బొగ్గు కాల్చి వేరుచేసిన ఇనుము, సందు దొరికితే మళ్లీ ఖనిజమైపోతుంది. పైగా ఆ పొడి ఉక్కు కంటే గట్టిది. నగలకి మెరుగు పెట్టడానికి వాడే ఎర్రపొడి ఇదే జాతి. అంటే అతుకులో పుట్టిన తుప్పు అక్కడే ఉండి అతుకుని ఇంకా అరగదీస్తుంది, ఆట, అంటే సందులో వదులు, పెరుగుతుంది, ఆట పెరిగితే పొడి పెరుగుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1911లో ఈడెన్, రోజ్, కనింగ్‌హామ్ అనే ముగ్గురు లోహాల అలసటని పరీక్షిస్తుంటే, నమూనాని పట్టుకునే బిగింపుల దగ్గర గోధుమరంగు పొడి కనపడి రాసిపెట్టారు. 1927లో టామ్లిన్సన్ దాని మీదే పనిగట్టుకుని ప్రయోగాలు చేశాడు. కదలిక కంటికి ఆననంత చిన్నదైనా సరే తుప్పు రాలుతుందని తేల్చాడు. 1930లలో అమెరికాలో కొత్త కార్లని రైలెక్కించి దూరప్రాంతాలకి పంపితే, దింపేసరికి చక్రాల బేరింగుల్లో సొట్టలు. ఒక్క అడుగు కూడా నడవని కార్లు! రైలు పెట్టెలో నిలబడి అదరడమే వాటిని తినేసింది. అల్మెన్ అనే ఇంజనీరు 1937లో దాని గుట్టు చెప్పాడు.

వకాల్తా పుచ్చుకున్నవాడిగా నాకు ఇష్టమైన విషయం ఒకటుంది. ఉక్కు మీద రాపిడి తుప్పు తడి గాలిలో కంటే పొడి గాలిలోనే ఎక్కువ నష్టం చేస్తుంది. తేమ ఆ సందులో పల్చటి పొరలా చేరి రాపిడిని కొంచెం తగ్గిస్తుంది. పొడి గాలిలో ఆ దయ కూడా లేదు. అంటే మార్చిలో, ఏప్రిల్‌లో, లోయంతా ఎండి దుమ్ము లేచే రోజుల్లో మీ స్ప్రాకెట్ దగ్గర ఎర్రపొడి రాలుతుంటే, వానని కోర్టు బయటికి పంపించెయ్యవచ్చు. ఆ రోజు అది ఊళ్లోనే లేదు.

అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో ఓ రేకుల షెడ్డులో విన్న మాటలివి. ఆటోస్టాండు కుర్రాడొకడు బైకుని గెడ్డలో శుభ్రంగా తోమి మరీ తెచ్చాడు. "అన్నా, బండి ఎక్కుతుంటే టక్కుటక్కుమంటంది, చూడవా" అన్నాడు.

పెద్దాయన వంగి చూసి లేచాడు. "కడిగీసినావేటి?"

"మురికిగుంటే నువ్వు తిడతావు కదా."

"కడిగినప్పుడు ఎర్రగా ఏటైనా అగుపడిందా, ఆ చిన్న చక్రం కాడ?"

"ఆఁ, కుంకంలాగ ఏదో ఉంటే గుడ్డెట్టి తుడిచేసేను."

"అదే కదరా నాకు కావల్సింది!"

తుడవడం మంచి అలవాటనే మనకి నేర్పారు. ఇల్లు తుడవాలి, పలక తుడవాలి, కళ్లు తుడుచుకోవాలి. కానీ బండి విషయంలో తుడవడానికి ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఫోన్ తీసి ఫోటో తియ్యండి. రంగు ఏమిటి, పొరా పొడా, ఒక్క అతుకు చుట్టూనేనా లేక మొత్తం పరుచుకుందా, నట్టు కింద నుంచి చారలా వచ్చిందా. వేలితో కొంచెం తీసి తెల్లకాగితం మీద రాయండి. నల్లగా జారితే అది బెల్టు అరుగుడో పాత గ్రీజో. నారింజరంగు పెచ్చులైతే తడి తుప్పు. ముదురు ఎరుపు పొడి అయితే అతుకులో ఆట. తేదీతో సహా ఆ ఫోటో ఉంచుకుంటే చాలు, మెకానిక్ సగం పని మీరే చేసినట్టు.

ఇక విప్పడం. ముందు చైనునో బెల్టునో వదులు చెయ్యండి, బిగుతు మీద ఉండగా స్ప్రాకెట్‌ని లాగకూడదు. బండి నిలకడగా ఉండాలి, ఇంజను చల్లారి ఉండాలి. పుల్లీ రాకపోతే సుత్తి అందుకోకండి. షాఫ్టు అవతలి కొసన గేర్‌బాక్సు బేరింగులు ఉన్నాయి, దెబ్బ అక్కడికి చేరుతుంది. తుప్పు వదిలించే ద్రవం పోసి ఒక రాత్రి ఆగండి, లేదా పుల్లర్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి. బయటికొచ్చాక పళ్లని బ్రష్‌తో, కిరోసిన్‌తో కడిగి ఆరనివ్వండి. ఇప్పుడు గోటితో పరీక్ష. షాఫ్టు పంటి పక్కభాగం మీద గోరు నిలువుగా నడపండి. నున్నగా జారితే ఇంకా సమయం ఉంది. ఎక్కడైనా మెట్టులా తగిలి గోరు ఆగితే, అక్కడ లోహం పోయింది. పుల్లీ లోపలి పళ్లు కూడా ఇలాగే చూడాలి. చాలాసార్లు పుల్లీ పళ్లు పోయి, షాఫ్టు బాగానే ఉంటుంది. అది అదృష్టం, ఎందుకంటే పుల్లీ మార్చడం పూటపని, షాఫ్టు మార్చాలంటే ఇంజను విప్పాలి.

తిరిగి ఎక్కించేటప్పుడు పళ్ల మీద మాలిబ్డినం ఉన్న నల్లటి పేస్టు పల్చగా రాయాలి. మామూలు గ్రీజు ఏమీ లేకపోవడం కంటే నయమే గానీ, ఇంత బిగుతు చోట పక్కకి జరిగిపోతుంది. మధ్యలో ఒకే బోల్టుతో బిగించే పుల్లీ అయితే కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకెకి టార్క్ రెంచ్‌తో బిగించాలి, వాషరు కొత్తది వెయ్యాలి. "చేతికి తెలుస్తుంది సార్" అనే మెకానిక్ చెయ్యి మీద నాకు గౌరవమే, కానీ ఆ చెయ్యి పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. మన కమ్యూటర్ బైకుల్లో చాలావాటికి ఇది వేరు. ముందు స్ప్రాకెట్‌ని ఒక లాక్ ప్లేటూ రెండు చిన్న బోల్టులూ జారిపోకుండా ఆపుతాయి, అంతే. కొంచెం ఆట కంపెనీయే వదిలింది, చైను తన వరస తాను చూసుకోవడానికి. అక్కడ ఎంత బిగించినా లాభం లేదు. ఎర్రపొడి కొంచెం సహజం. అది ఎక్కువవుతోందా, గోరు ఆగుతోందా అన్నదే చూడాలి.

చైను వదులు చాలా చిన్న బైకులకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు. మీ బండికి ఎంతో పుస్తకంలో చూడండి. ఘాటులో లాగడం లేదని చైనుని వీణతీగలా బిగించేవాళ్లని చూశాను. అలా చేస్తే వెనక చక్రం గోతిలో పడ్డప్పుడల్లా ఆ దెబ్బంతా షాఫ్టు మీదే. పక్కన తొట్టె ఉన్న బండికైతే చక్రాల వరస కూడా చూడాలి. తొట్టె ఒక పక్కకి లాగుతుంటే చైను ఏటవాలుగా నడిచి ఒక వైపు పళ్లనే తింటుంది. చైనుకి వాడిన ఇంజనాయిలు పొయ్యడం మన దగ్గర ఆనవాయితీ. దానిలో అప్పటికే ఇంజను అరుగుడు పొడి ఉంది, మన ఎర్రమట్టి దుమ్ముని కూడా పట్టుకుంటుంది. తొంభై నంబరు గేరాయిలు కొద్దిగా, గెడ్డ దాటిన రోజు సాయంత్రమే, చైను ఆరాక వేస్తే చాలు.

బెల్టు బండ్లు మరీ శుభ్రంగా ఉంటాయి, అదే వాటి చిక్కు. చైను బండిలో మనం వేసిన నూనె అటూ ఇటూ చిమ్మి కొంత స్ప్లైన్లకీ చేరుతుంది. బెల్టుకి నూనె తగలకూడదు కాబట్టి ఆ అతుకుకి ఏనాడూ చుక్క అందదు. విదేశీ మూడు చక్రాల బండ్లవాళ్లు, అంత మంచి రోడ్ల మీద, షెడ్డులో పెట్టుకునే బండికి పుల్లీ దగ్గర తుప్పేమిటని ఆశ్చర్యపోయేది ఇందుకే. అరకులో అద్దెకి తిరిగే స్కూటర్లలోనూ పుల్లీ ఉంది, ఎడమ పక్క ప్లాస్టిక్ మూత లోపల. రెండు ముఖాలు దగ్గరకీ దూరానికీ జరుగుతూ బెల్టుని పట్టుకుంటాయి. గెడ్డలో మూత మునిగితే నీళ్లు లోపలికి పోయి, తర్వాత వారం కదలకుండా ఉంటే ఆ ముఖాల మీద తడి తుప్పు గరుకుగా పడుతుంది. బండి మొదటి ఎక్కులో వణుకుతుంది, బెల్టు జారి కాలిన వాసనొస్తుంది. అక్కడ సన్నటి ఎమిరీ పేపరుతో గుండ్రంగా రుద్ది, దుమ్మంతా తుడిచి, పూర్తిగా పొడిగా బిగించాలి. గ్రీజు ఒక్క చుక్క పడినా బెల్టు జారిపోతుంది. అంటే ఒకే పుల్లీలో, లోపలి పళ్లకి గ్రీజు తప్పనిసరి, బయటి ముఖానికి గ్రీజు విషం.

ఈ చివరి మాట దగ్గర నాకు ఎప్పుడూ భాగస్వామ్యాలు గుర్తొస్తాయి. అన్నదమ్ములిద్దరు అప్పు చేసి ఒక ఆటో కొంటారనుకోండి. పగలు అన్న, రాత్రీ తెల్లవారుజామూ తమ్ముడు. సంతరోజు జనం కిక్కిరిస్తారు, మిగతా రోజుల్లో ఖాళీ. వానాకాలం వచ్చేసరికి ఇంట్లో మాటామాటా. "ఏం చేస్తాం, సీజన్ లేదు, చేతిలో డబ్బాడక గొడవలు" అంటారు చూసేవాళ్లు. వాన మీద కేసు. కానీ నవంబరులో పర్యాటకులు దిగుతారు, కాఫీ పళ్లు కోతకొస్తాయి, జనవరి దాకా చేతినిండా కిరాయిలే. అప్పుడు గొడవ ఆగిందా? ఆగితే అది నిజంగా సీజన్ గొడవే, దానికి చెయ్యాల్సింది వానాకాలానికి కొంత దాచుకోవడం. డబ్బున్న నెలలోనూ అదే గొడవ, అదే మాటల పొడి రాలుతుంటే, ఆటలో ఉన్నది అతుకు. డీజిలు ఎవరు పోయించాలి? టైరు పగిలితే ఎవరి వాటా నుంచి? తమ్ముడు పెళ్లికి తీసుకెళ్లిన రోజు కిరాయి లెక్కలో వస్తుందా? ఇవేవీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. విడిపోయి ఉంటే రాపిడే ఉండదు. గట్టిగా ఒప్పందం చేసుకుని ఉంటే అప్పుడూ ఉండదు. పక్కపక్కనే ఉండి, సగం బిగిసి, సగం వదిలేసిన చోటే రాలుతుంది.

అక్కడ మనం చేసే పొరపాటు, గ్రీజుని పుల్లీ ముఖానికి రాయడం. మాట తీరులో మృదువుగా ఉండాల్సిన చోట కరుకుగా ఉంటాం, లెక్క పొడిగా ఉండాల్సిన చోట మొహమాటం పూస్తాం. "వాడు నా తమ్ముడే కదా, పుస్తకం రాయడమేమిటి, బాగోదు." పుస్తకం రాయండి. బడిలో పారేసిన నోటుబుక్కు చాలు. ఒక పేజీలో వచ్చింది, ఎదుటి పేజీలో పోయింది, ఆదివారం ఇద్దరూ కూర్చుని చూసి సంతకాలు. చూసేటప్పుడు మాత్రం టీ ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కనుండాలి, పాత బాకీల దెప్పిపొడుపులు ఉండకూడదు. లెక్క ఎంత పొడిగా ఉంటే మాట అంత మెత్తగా ఉండటం సాధ్యమవుతుంది. అయితే పైన చెప్పిన కమ్యూటర్ బైకు స్ప్రాకెట్‌ని మరచిపోకండి. రక్తసంబంధాల్లో కొంత ఆట ఎప్పటికీ ఉంటుంది, కొంత పొడి రాలుతూనే ఉంటుంది. దాన్ని చూసి షాఫ్టు మార్చాలని బయల్దేరకూడదు.

ఎండాకాలం పరీక్షని వేరే చోట్ల కూడా వాడవచ్చు. ఊళ్లో సిగ్నల్ లేదు కాబట్టి గ్రూప్స్‌కి చదవలేకపోతున్నానంటాడు ఒక డిగ్రీ కుర్రాడు. మన్యంలో ఆ మాట చాలాసార్లు నిజం, కొట్టిపారేయను. విశాఖలో బంధువులింట్లో సిగ్నలున్న వారం ఎన్ని పేజీలు చదివాడో అతన్నే లెక్క చూసుకోమనండి, ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడ చదివి ఇక్కడ చదవలేకపోతే వాన నిజం. సిగ్నల్ ఉన్న చోట పాఠాలు దింపుకుని, అచ్చు పుస్తకాలు కొనుక్కుని దానికి గొడుగు పట్టాలి. అక్కడా చదవకపోతే సమస్య వేరే బోల్టులో ఉంది.

ఇప్పుడు వకాల్తా కాసేపు పక్కన పెట్టి వాన నేరాలు కూడా ఒప్పుకోవాలి. వ్యక్తిత్వ వికాస పుస్తకాలకి ఒక జబ్బుంది: ప్రతి తుప్పుకీ నీ బోల్టే కారణమంటాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకుని కొండ దిగే మనుషులకి లోపించింది సంకల్పబలం కాదు, రోడ్డు. రోడ్డు లేకపోవడం వాన లాంటిది. అది నలుగురూ కలిసి అర్జీ పెట్టి, గ్రామసభలో అడిగి, పంచాయతీ మీదా ఐటీడీఏ మీదా ఒత్తిడి తెచ్చి మార్చాల్సినది. ఏ ఒక్కడూ అద్దం ముందు నిలబడి మార్చుకునేది కాదు. పరీక్ష రెండు వైపులా పనిచెయ్యాలి. తప్పు వాతావరణానిదని తేలితే ఆ సంగతి గట్టిగా చెప్పాలి, మనిషిని నిందించడం ఆపాలి. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కలెక్టరాఫీసు దగ్గరైంది. అర్జీ పట్టుకెళ్లడానికి విశాఖ దాకా ప్రయాణం లేదు, కాబట్టి ఆ పని వాయిదా వెయ్యడానికి ఒక సాకు తగ్గింది.

బండి విషయంలో వాన చేసే అసలు నేరం నిలబెట్టిన బండి మీద. వాడకుండా ఉంచిన వాహనాన్ని ప్లాస్టిక్ పట్టాతో నేల దాకా చుట్టేస్తాం, అది కాపాడుతుందని. రాత్రి నేల నుంచి లేచిన తేమ లోపలే చిక్కి పొద్దున బొట్లుబొట్లుగా ఇనుము మీదే దిగుతుంది. పైన కప్పు, పక్కలు ఖాళీ, అదే పద్ధతి. ఇంకో అలవాటు, రోజూ రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపెయ్యడం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. సైలెన్సరు బాగా వేడెక్కకముందే ఆపితే ఆ నీరంతా లోపలే నిలిచి, లోపలి నుంచి తింటుంది. వారానికి ఒక్కసారి తీసినా సరే, అరగంట కొండెక్కించి తీసుకురండి. ఏ వ్యాయామమో సంగీతసాధనో రోజూ రెండు నిమిషాలు చేసి ఊరుకునేవాళ్లకి ఇది చెబితే నొచ్చుకుంటారు గానీ, ఇంజనుకి మాత్రం ఇదే సత్యం.

అత్యవసర బండి నడిపేవాళ్లకి ఒక మాట ప్రత్యేకం. మీ బండి ఎక్కువసేపు నిలబడుతుంది, హఠాత్తుగా పూర్తి బరువుతో ఎక్కు ఎక్కుతుంది. అంటే తడి తుప్పూ రాపిడి తుప్పూ రెండూ దానికే. మామూలు బండివాడు ఎర్రపొడి చూసి వచ్చే నెల అనుకోవచ్చు, మీరు అనుకోకూడదు.

బిగించాక ఆఖరి పని. నట్టు తల మీద నుంచి షాఫ్టు మీదికి, నట్టూ షాఫ్టూ రెండింటినీ కలుపుతూ, తెల్లరంగుతో ఒక సన్నటి గీత గియ్యండి. లాక్ ప్లేటున్న బైకైతే రెండు బోల్టుల తలల మీద నుంచి ప్లేటు మీదికి. అయిదారువందల కిలోమీటర్లయ్యాక చూడండి. గీత కలిసే ఉండి, పొడి కొత్తగా లేకపోతే ఆ సంగతి మరచిపోవచ్చు. గీత విరిగితే నట్టు తిరిగింది, వాషరూ టార్కూ మళ్లీ చూడాలి. గీత కలిసే ఉన్నా పొడి మళ్లీ రాలితే పళ్లు అరిగిపోయాయన్నమాట, ఎన్ని పేస్టులు రాసినా ఆగదు. అప్పుడు పుల్లీ మార్చండి. కొత్త పుల్లీ కూడా షాఫ్టు మీద చేత్తో ఊపితే ఊగుతుంటే షాఫ్టే పోయింది. ఇంజను విప్పాలి, బండి కొన్నాళ్లు షెడ్డులో ఉంటుంది, సంపాదన ఆగుతుంది. ఆ రోజులు ఎప్పుడో మెకానిక్‌తో మే నెలలోనే మాట్లాడుకోండి. జూన్ వచ్చాక అతని షెడ్డు ముందు వాన మీద కేసులు పెట్టేవాళ్ల వరస మొదలవుతుంది.